మనం దాచుకున్న దిగులు మూడేళ్ల పిల్లకు ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: ఒక తల్లి, హనుమకొండ

అందరికీ నమస్కారం. మాకు మూడున్నరేళ్ల పాప, ఎనిమిది నెలల బాబు ఉన్నారు. మావారు పనిచేస్తున్న సంస్థ ఇక్కడి శాఖను మూసివేయడంతో ఆయన ఉద్యోగం పోయింది. ఇంటి రుణం వాయిదాలు, మామయ్యగారి మందుల ఖర్చు ఉండనే ఉన్నాయి. పిల్లల ముందు ఈ సంగతులు ఎత్తకూడదనీ, గొంతు పెంచి మాట్లాడుకోకూడదనీ మేమిద్దరం మొదట్లోనే అనుకున్నాం. ఇప్పటివరకు ఆ మాట మీదే ఉన్నాం. అయినా మా పాపకు ఏదో తెలిసిపోతోందని నాకు గట్టిగా అనిపిస్తోంది.

మొన్న సాయంత్రం వంటింట్లో గోరుచిక్కుళ్లకు ఈనెలు తీస్తూ ఏదో ఆలోచనలో ఉన్నాను. నేను ఏడవలేదు, విసుక్కోలేదు, గిన్నెలు చప్పుడు చేయలేదు. పాప వచ్చి కాసేపు నా ముఖంలోకి చూసింది. ఏమీ అనకుండా వెళ్లి, గుమ్మం దగ్గర చిందరవందరగా ఉన్న చెప్పులన్నీ జతలు జతలుగా పెట్టి, తిరిగి వచ్చి, "చెప్పులు సర్దేశానమ్మా, నేను అల్లరి చేయలేదు కదా" అంది. ఆ పని నేను చెప్పలేదు, చెప్పినా మామూలుగా చేసే పిల్ల కాదు. ఇంకో రోజు నా పెదవుల చివరలను రెండు వేళ్లతో పైకి లాగి పట్టుకుని "ఇలా ఉండు" అంది. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలుపెట్టింది. బాబు సంగతి చెప్పాలంటే, నా మనసు బాగా లేని రోజున పాలు తాగుతూ తాగుతూ మధ్యలో వదిలేసి గింజుకుంటాడు. అది నిజమో, నా భ్రమో చెప్పలేను.

మా అత్తయ్య మాత్రం, "చిన్నపిల్లలకేం తెలుస్తుంది, నువ్వే లేనిపోనివి ఊహించుకుంటున్నావు, ముఖం కడుక్కుని, బొట్టు పెట్టుకుని నవ్వుతూ తిరుగు, అన్నీ అవే సర్దుకుంటాయి" అంటారు. ఆవిడ ప్రేమతోనే అంటారు. నాకు తెలియాల్సినవి రెండే. ఒక మాట కూడా చెప్పకుండా ఇంత చిన్నపిల్లకు మన మనసు ఎలా తెలుస్తుంది? తెలుస్తున్నప్పుడు, నవ్వు ముఖం పెట్టుకుని ఇంకా బాగా దాచుకోవాలా, లేక ఉన్నది ఉన్నట్టు చెప్పాలా?

సమాధానం 1: మనస్తత్వశాస్త్ర అధ్యాపకుడు, గుంటూరు

అమ్మా, మీరు ఊహించుకోవడం లేదు. పెద్దవాళ్లం ఎదుటివారి మనసును ఎక్కువగా మాటల ద్వారానే తెలుసుకుంటాం కనుక, మాట బయటపెట్టకపోతే విషయం దాగిందనుకుంటాం. పిల్లలకు మాటల కంటే ముందే అబ్బే విద్య మన ముఖాన్ని, గొంతును, పట్టుకునే తీరును గమనించడం. మాటలు వచ్చినంత మాత్రాన దానిని వాళ్లు వదిలిపెట్టరు.

ఈ విషయంలో పాఠ్యపుస్తకాలన్నీ చెప్పే ఒక ప్రయోగాన్ని వివరిస్తాను, ఎందుకంటే మీ మొదటి ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది. ఎలినార్ గిబ్సన్, రిచర్డ్ వాక్ 1960 ప్రాంతంలో ఒక బల్లను తయారుచేయించారు. దాని పైభాగమంతా గట్టి అద్దమే గాని, సగం దూరం వరకు అద్దానికి ఆనుకునే గళ్ల గుడ్డ కనిపిస్తుంది, ఆ తరువాత గుడ్డ కిందికి దిగిపోయి నేల లోతుగా ఉన్నట్టు కనబడుతుంది. పాకే పిల్లలు ఆ అంచు దగ్గర ఆగిపోతారు. 1985లో జేమ్స్ సోర్స్, రాబర్ట్ ఎమ్డె, జోసెఫ్ కాంపోస్, మేరీ క్లిన్నర్ట్ అదే బల్లను వాడి, లోతును మాత్రం 30 సెంటీమీటర్లకు తగ్గించారు. అంటే దాటవచ్చో దాటకూడదో పిల్లలకు ఎటూ తేలని లోతు. ఏడాది వయసున్న పిల్లలు అంచు దాకా వచ్చి, ఆగి, అవతల నిలబడిన తల్లి ముఖం వైపు చూశారు. తల్లి నోరు విప్పకూడదు, ముఖంలో భావం మాత్రమే చూపించాలి. తల్లి సంతోషంగా కనిపించినప్పుడు 19 మందిలో 14 మంది దాటారు, భయపడినట్టు కనిపించినప్పుడు 17 మందిలో ఒక్కరు కూడా దాటలేదు. ఇందులో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది ఇంకొకటుంది. లోతే లేకుండా చదునుగా ఉంచినప్పుడు చాలామంది పిల్లలు తల్లి వైపు పెద్దగా చూడనే లేదు. అంటే పిల్లలు రోజంతా మన ముఖాన్ని కాపలా కాయరు, ఏదైనా సందిగ్ధంగా తోచినప్పుడు చూస్తారు. రోజూ ఆఫీసుకు వెళ్లే నాన్న పగలు ఇంట్లో ఉండటం మీ పాపకు అలాంటి సందిగ్ధమే. ఎందుకు ఉన్నాడో ఎవరూ చెప్పలేదు కనుక, ఆ సమాచారం కోసం ఆమె మీ ముఖాన్ని వెతుకుతోంది.

మీరు "ఏడవలేదు, విసుక్కోలేదు" అని రాశారు. నిజమే అయి ఉంటుంది. పాప కనిపెట్టింది మీ ముఖంలో ఉన్న దిగులును కాకపోవచ్చు, అక్కడ మామూలుగా ఉండే స్పందన లేకపోవడాన్ని. ఎడ్వర్డ్ ట్రానిక్ 1975లో తొలిసారి వెల్లడించి, 1978లో ప్రచురించిన ప్రయోగంలో, కొన్ని నెలల బిడ్డతో ముద్దుముద్దుగా ఆడుతున్న తల్లిని, కొన్ని నిమిషాలపాటు ఏ భావమూ లేని ముఖంతో బిడ్డ వైపు చూస్తూ ఉండిపొమ్మంటారు. కోపం లేదు, కసురుకోవడం లేదు. బిడ్డ ముందు నవ్వుతుంది, ఊ కొడుతుంది, చేతులు చాపుతుంది. తల్లి నుంచి బదులు రాకపోయేసరికి కళ్లు తిప్పుకుంటుంది, ముడుచుకుంటుంది, కొందరు పిల్లలు ఏడుస్తారు. చెప్పులు సర్దడం, పెదవులు పైకి లాగడం, నా అంచనా ప్రకారం, ఆ శిశువు నవ్వి చేతులు చాపడానికి మూడున్నరేళ్ల రూపాలే.

ఇక బాబు విషయం. సారా వాటర్స్, టెస్సా వెస్ట్, వెండీ మెండెస్ 2014లో ప్రచురించిన అధ్యయనంలో, 12 నుంచి 14 నెలల పిల్లల తల్లులను వేరే గదికి తీసుకువెళ్లి ప్రసంగించమన్నారు. కొందరి ముందు కూర్చున్నవారు నవ్వుతూ తల ఊపారు, కొందరి ముందు కూర్చున్నవారు ముఖం చిట్లించి, తల అడ్డంగా ఊపి, ఆ తల్లులకు చెమటలు పట్టించారు. పిల్లలు ఇదేమీ చూడలేదు. తరువాత తల్లి ఒడిలోకి చేరిన కొద్ది నిమిషాల్లోనే, ఒత్తిడికి గురైన తల్లుల పిల్లల గుండె కొట్టుకునే తీరులో తల్లిలో వచ్చిన మార్పును పోలిన మార్పు కనిపించింది. వాళ్లు కొత్తవారిని చూసి వెనక్కి తగ్గడం కూడా ఎక్కువైంది. అదే బృందం తరువాత చేసిన పరిశీలనలో, తల్లిని తాకకుండా విడిగా కూర్చోబెట్టిన పిల్లల కంటే ఒడిలో కూర్చోబెట్టిన పిల్లలకు ఇది మరింత బలంగా అందింది. గుండె వేగం, ఊపిరి, వాసన, బిగుసుకున్న కండరాలు వీటిలో ఏది ఎంత మోసుకుపోతుందో విడదీసి చెప్పడం కష్టం. కానీ పాలు తాగే బిడ్డ మీ శరీరానికి ఎంత దగ్గరగా ఉంటాడో మీకు తెలుసు.

నవ్వు ముఖం పెట్టుకుని దాచాలా అన్నదానికి: 2020లో వాటర్స్ బృందమే 7 నుంచి 11 ఏళ్ల పిల్లలతో ఇంకో అధ్యయనం చేసింది. ఒత్తిడికి లోనైన తల్లిదండ్రులలో కొందరిని తమ భావాలు పిల్లలకు తెలియకుండా అణచుకోమని చెప్పి, తరువాత పిల్లలతో కలిసి లెగో బొమ్మలు కట్టించారు. అణచుకున్నవారి ఆటలో ఆప్యాయత తగ్గింది, వాళ్ల పిల్లల వైపు నుంచి కూడా తగ్గింది. దాచడానికే శక్తి అంతా ఖర్చవుతుంటే ఎదుట ఉన్న పిల్ల మీద పెట్టడానికి ఏం మిగులుతుంది? మీ పాప కంటే ఆ పిల్లలు పెద్దవాళ్లు కనుక దాన్ని యథాతథంగా మీ ఇంటికి అన్వయించను. కానీ నవ్వు ముఖం ఖర్చు లేని మందు అని మాత్రం అనుకోవద్దు.

సమాధానం 2: అంగన్‌వాడీ టీచర్, విజయనగరం జిల్లా

పైన అధ్యాపకులవారు రాసినదంతా చదివాను. నాకు ప్రయోగాలు తెలియవు గాని, మూడు నుంచి ఆరేళ్ల పిల్లలతోనే నా పగలంతా గడుస్తుంది. పొద్దున్న పిల్లను గుమ్మంలో దించే తల్లి నాతో ఎంత నవ్వుతూ మాట్లాడినా, ఆ ఇంట్లో రాత్రి ఏదో జరిగిందని పిల్ల చేతిని చూస్తే తెలుస్తుంది. రోజూ చెయ్యి విదిలించుకుని లోపలికి పరుగెత్తే పిల్ల ఆ రోజు తల్లి కొంగును రెండు వేళ్ల మధ్య నలుపుతూ నిలబడిపోతుంది. ఇంట్లో ఏం మాట్లాడుకున్నారో పిల్లలు మాకు చెప్పరు, ఆడి చూపిస్తారు. మా కేంద్రంలో ఒక బాబు బొమ్మకు అన్నం తినిపిస్తూ, "మాట్లాడకు, నాన్న లెక్కలు చూసుకుంటున్నాడు" అని బొమ్మ నోరు మూశాడు. ఆ వాక్యం ఎవరూ అతనికి చెప్పి ఉండరు, చెప్పవలసిన అవసరం కూడా లేదు.

అయితే ఒక్క విషయం మీరు గమనించాలి. పిల్లలకు తెలుస్తుంది అన్నది ఎంత నిజమో, అర్థం కాదు అన్నది కూడా అంతే నిజం. అమ్మ ముఖం మారిందని పాపకు తెలిసింది. ఎందుకు మారిందో తెలియదు. ఆ ఖాళీని ఈ వయసు పిల్లలు తమతోనే నింపుకుంటారు. రెండు నుంచి ఏడేళ్ల మధ్య పిల్లలు లోకాన్ని తమ వైపు నుంచి మాత్రమే చూడగలరని మనస్తత్వవేత్త పియాజే చెప్పిన మాట మా శిక్షణలో కూడా చెప్పారు. అందుకే మీ పాప "ఏమైందమ్మా" అని అడగలేదు, "నేను అల్లరి చేయలేదు కదా" అని అడిగింది. మీరు రాసిన మొత్తంలో నాకు బాధ కలిగించిన వాక్యం అదే. మంచి పిల్లగా ఉంటే అమ్మ బాగవుతుందని ఆమె ఒక లెక్క వేసుకుంది. చెప్పులు సర్దినందుకు మీరు మెచ్చుకుని ముద్దు పెట్టుకుని ఉంటే, ఆ లెక్క ఇంకా గట్టిపడే ప్రమాదం ఉంది. మెచ్చుకోవద్దని అనడం లేదు. మెచ్చుకున్నాక, "చెప్పులు బాగా పెట్టావు, అమ్మకు దిగులుగా ఉన్నది నీ వల్ల కాదు" అని రెండింటినీ విడదీసి చెప్పండి.

చెప్పడం అంటే కూర్చోబెట్టి కథ చెప్పడం కాదు. "అమ్మకు కొంచెం దిగులుగా ఉంది. పెద్దవాళ్ల పని గురించి. నువ్వేమీ చేయలేదు. అమ్మ, నాన్న చూసుకుంటున్నాం." ఇంతే. నాన్న పగలు ఇంట్లో ఎందుకున్నారంటే, "నాన్న పాత ఆఫీసు మూసేశారు, కొత్త ఆఫీసు వెతుక్కుంటున్నారు" అని చెప్పండి. పాప మళ్లీ మళ్లీ అడిగితే మళ్లీ మళ్లీ అదే మాట, వీలైతే అవే పదాలతో చెప్పండి. పెద్దవాళ్లకు విసుగు వస్తుంది గాని, పిల్లలకు ఒకే జవాబు రెండోసారి కూడా మారకపోవడమే ధైర్యం. చెప్పిన వెంటనే ఒక చిన్న పని ఇవ్వండి, ఈనెలు తీసిన గోరుచిక్కుళ్లను గిన్నెలో వేయడం లాంటిది. మనిషి పక్కన కూర్చుని చేసే పనిలో పిల్లలు తేరుకున్నంతగా బుజ్జగింపులో తేరుకోరు.

మీ అత్తయ్యగారితో వాదన పెట్టుకోకండి. ఆ తరం వాళ్లు "తెలియదు" అన్నది చాలాసార్లు "తెలియకుండా ఉంటే బాగుండు" అన్న కోరికతోనే.

సమాధానం 3: ఒక తండ్రి, హైదరాబాద్

టీచర్‌గారి మాటలతో ఎక్కువగా ఏకీభవిస్తాను గాని, రెండు చోట్ల నాకు అభ్యంతరం ఉంది.

మొదటిది, ఈ చర్చ అంతా అమ్మ ముఖం చుట్టూనే తిరుగుతోంది. ఉద్యోగం పోయింది నాన్నకు. మా ఇంట్లో పిల్లవాడు నన్ను చదివేది ముఖంలో కాదు, నేను ఇంటికి చేరేలోపే చదివేస్తాడు. బండి స్టాండు వేసిన చప్పుడు, మెట్లు ఎక్కే వేగం, తాళంచెవి గిన్నెలో వేశానా విసిరానా అన్నది చూసి, నా ఒళ్లోకి దూకాలో నానమ్మ వెనక నిలబడాలో నిర్ణయించుకుంటాడు. నేను ఆ రోజు మేనేజరుతో పడిన మాటలు ఇంట్లో ఎవరితోనూ అనను. అనకపోయినా తేడా ఉండదు. అందువల్ల, అమ్మా, మీరొక్కరే చక్కగా ఉంటే సరిపోదు, ఆయన సాయంత్రాలు ఎలా గడుస్తున్నాయో కూడా చూడండి. పిల్ల పుట్టే ముందు, పుట్టిన తరువాతి కాలంలో డిప్రెషన్ తండ్రులకు కూడా వస్తుందని, పరిశోధనలన్నిటినీ కలిపి చూస్తే అది సుమారు పదిమందిలో ఒకరికి ఉంటుందని 2010లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చింది. మన ఇళ్లలో మగవాడి దిగులు చాలావరకు చిరాకు రూపంలో, లేదా ఫోన్ వెనక దాక్కున్న మౌనం రూపంలో బయటపడుతుంది కనుక దానికి ఆ పేరు ఎవరూ పెట్టరు. ఫోన్‌లోకి చూస్తూ పిల్లవాడి మాటకు "ఊఁ" అనే తండ్రి ముఖం, పైన చెప్పిన ప్రయోగంలో ఏ భావమూ లేని తల్లి ముఖానికి ఎంత దూరంలో ఉందో నాకు తెలియడం లేదు.

రెండో అభ్యంతరం చెప్పడం గురించి. "నిజం చెప్పండి" అన్న సలహాను కొందరు మరీ దూరం తీసుకువెళ్తారు. మా బంధువుల్లో ఒకావిడ తన నాలుగేళ్ల కూతురితో భర్త గురించి, అప్పుల గురించి స్నేహితురాలితో చెప్పుకున్నట్టు చెప్పుకునేది. ఆ పిల్ల ఎంత బుద్ధిమంతురాలని ఊరంతా మెచ్చుకునేది. అది బుద్ధి కాదని, అమ్మ ముఖం చిన్నబోకుండా చూసుకోవడం తన ఉద్యోగమని నమ్మిన పిల్ల ప్రవర్తన అని నా అభిప్రాయం. పిల్లకు కారణం చెప్పవచ్చు, ఓదార్పు మాత్రం పిల్ల నుంచి ఆశించకూడదు. మూడున్నరేళ్ల పిల్లకు "రుణం", "వాయిదా" అనే మాటలు చెబితే మరునాడు ఎదురింటి వాళ్లకు, పాలవాడికి, వాచ్‌మన్‌కు కూడా తెలుస్తాయి, అది వేరే సంగతి.

సమాధానం 4: పిల్లల వైద్యురాలు, ఖమ్మం

ఇంతమంది ఇంత శ్రద్ధగా రాశాక నేను చేర్చవలసినవి వైద్యపరమైనవి మాత్రమే.

మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైతే అది దిగులు వల్లనే అని తేల్చేయకండి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, అరుదుగా షుగర్ కూడా ఇలా కనిపించవచ్చు. ఒక మూత్ర పరీక్ష చేయించండి. పాప ఎక్కువగా నీళ్లు తాగుతున్నా, బరువు తగ్గుతున్నా ఆలస్యం చేయకండి. అవేమీ లేకపోతే, తమ్ముడు పుట్టడం, నాన్న దినచర్య మారడం, అమ్మ ధ్యాస తగ్గడం ఈ మూడూ ఒకే ఏడాదిలో వచ్చిపడిన పిల్లకు ఇది సాధారణమే. మందలించకండి, రాత్రి రబ్బరు షీటు వేసి ఊరుకోండి.

రెండో విషయం మీ గురించి. మీరు ఎనిమిది నెలల బాలింత. ప్రశ్న అంతా పిల్లల గురించే రాశారు, మీ నిద్ర, ఆకలి, మనసు ఎలా ఉన్నాయో ఒక్క ముక్క కూడా రాయలేదు. మన దేశంలో జరిగిన అధ్యయనాలను కలిపి 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, ప్రసవం తరువాత డిప్రెషన్ సుమారు 22 శాతం తల్లులలో కనిపించింది. మీకు అది ఉందని నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. అయితే 1987లో ఎడిన్‌బరోలో తయారైన పది ప్రశ్నల పట్టిక ఒకటి ఉంది, గడిచిన ఏడు రోజుల్లో మీకు ఎలా అనిపించిందో అడుగుతుంది, పూర్తి చేయడానికి పది నిమిషాలు కూడా పట్టదు. మీ డాక్టరుగారిని అడిగి దాన్ని నింపండి. బయటికి వెళ్లడం కుదరకపోతే, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. మీవారికి తెలిస్తే ఏమనుకుంటారో అన్న సందేహం ఉంటే, ఆయనను కూడా పక్కన కూర్చోబెట్టుకునే చేయండి, ఆయనకు కూడా అవసరమే అయి ఉండవచ్చు.

మీ అత్తయ్యగారి విషయంలో నేను ఆవిడ పక్షాన ఒక మాట చెబుతాను. డిప్రెషన్ ఉన్న తల్లితో ముభావంగా ఉండే శిశువులు, డిప్రెషన్ లేని తండ్రితోనో, తమను చూసుకునే వేరొకరితోనో ఉన్నప్పుడు మరింత హుషారుగా స్పందించడాన్ని పరిశోధకులు గమనించారు. పిల్లలు ఒక్క ముఖం మీదే బతకరు. మీ మనసు బాగా లేని గంటలో బాబును ఆవిడ చేతికి ఇచ్చి, పడుకోండి. నవ్వుతూ తిరగమన్న సలహా కంటే ఆవిడ మీకు చేయగల ఎక్కువ సహాయం ఇదే. అడిగితే కాదనరని నా నమ్మకం. పాలు మధ్యలో వదిలేయడం మాత్రం ఈ వయసులో ప్రతి చప్పుడుకూ తల తిప్పి చూసే కుతూహలం వల్ల కూడా జరుగుతుంది. బాబు బరువు సరిగా పెరుగుతుంటే దాని గురించి కంగారు వద్దు.

ప్రశ్న అడిగిన తల్లి

అందరికీ కృతజ్ఞతలు. మూత్ర పరీక్షకు రేపు వెళ్తున్నాం. డాక్టరుగారు అడిగిన మీదట ఆలోచిస్తే, బాబు నిద్రపోయినా నాకు నిద్ర పట్టడం లేదన్న సంగతి మావారితో మొదటిసారి అన్నాను. ఆయనే 14416 తన ఫోన్‌లో వేసుకున్నారు.

టీచర్‌గారు చెప్పిన మాటను నిన్న పాపతో అన్నాను. "నీ వల్ల కాదు" అనగానే, "తమ్ముడి వల్లా?" అని అడిగింది. తమ్ముడి వల్ల కూడా కాదని చెప్పాను. "మరి నాన్న ఆఫీసు వల్ల" అని తనే తేల్చుకుని ఆటకు వెళ్లిపోయింది.

ఇంకొక్క సందేహం. మేము గొడవ పడితే పిల్లలు నిద్రపోయాక, పక్క గదిలో, తలుపు వేసుకుని, గొంతు తగ్గించి పడుతున్నాం. పిల్లలు లేనప్పుడు జరిగేది పిల్లలకు చేరదనే అనుకోవచ్చా?

అధ్యాపకుడు, గుంటూరు

పూర్తిగా అలా అనుకోలేం. ఆలిస్ గ్రాహం, ఫిలిప్ ఫిషర్, జెన్నిఫర్ ఫైఫర్ 2013లో ప్రచురించిన అధ్యయనంలో, 6 నుంచి 12 నెలల పిల్లలు సహజంగా నిద్రపోతుండగా వాళ్ల మెదడును స్కాన్ చేస్తూ, అర్థం లేని మాటలను మామూలు స్వరంలో, సంతోషంగా, కోపంగా పలికి వినిపించారు. తల్లిదండ్రుల మధ్య గొడవలు ఎక్కువగా ఉన్న ఇళ్ల పిల్లల మెదడులో, ఒత్తిడికీ భావాలకూ సంబంధించిన కొన్ని ప్రాంతాలు కోపపు స్వరానికి ఎక్కువగా స్పందించాయి. నిద్రలో కూడా స్వరం చేరుతోందన్నంత వరకు దీన్ని నమ్మవచ్చు. ఆ స్పందన వల్ల పిల్లలకు ముందు ముందు ఫలానా హాని జరుగుతుందని ఆ అధ్యయనం చెప్పలేదు, మీరు కూడా అలా చదువుకోవద్దు. తలుపు వేసుకుని, గొంతు తగ్గించి మాట్లాడుకోవడం మంచి పద్ధతే, కొనసాగించండి.

గొడవ జరిగిందా లేదా అన్నదాని కంటే, అది ఎలా ముగిసిందన్నది పిల్లల మీద ఎక్కువ ప్రభావం చూపుతుందని మార్క్ కమ్మింగ్స్ ఈ అంశం మీద దశాబ్దాలపాటు చేసిన పని చెబుతోంది. పెద్దవాళ్లు వాదించుకుని, తరువాత రాజీపడటం చూసిన పిల్లల ఆందోళన చాలావరకు తగ్గిపోతుంది, అసలు గొడవ చూడని పిల్లల స్థాయికి దగ్గరగా కూడా వస్తుంది. తలుపు వెనక రాజీపడ్డామని తరువాత చెప్పినా కొంత మేలు జరుగుతుంది. కష్టమల్లా సగంలో ఆగిపోయి, మరునాడు ముభావంగా సాగే గొడవలతోనే. మీ ఇద్దరి పద్ధతిలో నాకు లోపంగా కనిపించేది కూడా అక్కడే. గొడవా తలుపు వెనకే, సర్దుబాటూ తలుపు వెనకే జరిగితే, పాపకు మిగిలేది పొద్దున్న మీ ఇద్దరి మధ్య ఉండే మౌనం మాత్రమే. ఆ మౌనాన్ని ఆమె ఎంత బాగా చదవగలదో మీరే రాశారు. రాత్రి మాట పడిన మరునాడు, కాఫీ ఇస్తున్నప్పుడో, బాబుకు స్నానం చేయిస్తున్నప్పుడో, పాప వినేలా "నిన్న ఒక విషయంలో మా ఇద్దరికీ మాట కలవలేదు, తరువాత కూర్చుని మాట్లాడుకున్నాం" అని ఒకరితో ఒకరు మామూలుగా అనుకోండి. ఇంకా తేలని విషయమైతే, తేలిందని చెప్పకండి, "ఇంకా మాట్లాడుకుంటున్నాం" అనండి.